ముప్పై ఏడో నంబరు పళ్లెం

కాశీబుగ్గ,
జూలై 9.

గ్లోరీకి,

అమ్మమ్మ జీవరత్నమ్మ చెబుతుంటే తోమా రాస్తున్న ఉత్తరం ఇది. నౌపడ ఉప్పు కొటార్లలో తూకాల గుమాస్తాగా చేసి దిగిపోయిన మన తోమా బావే. ముందు ప్రభువు పేరున వందనాలు రాస్తానన్నాడు. వందనాలు తర్వాత, ముందు నా మాట రాయమన్నాను.

ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటావు. చెప్పను. నన్ను దొంగ అన్నవాడి దగ్గర కంప్యూటర్ రాసిన రాత ఉంది. నా దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేదు. అందుకని నాకూ రాత కావాలి. నువ్వూ జవాబు సిరాతోనే రాయి. ఫోనులో చెబితే వినను.

జరిగింది ఇది. మా జీడి ఫ్యాక్టరీలో మే నెల నుంచి తూకం దగ్గర కంప్యూటర్ మిషను పెట్టారు. మా అందరి మెడలో కార్డులు వేశారు. నాది పద్నాలుగో నంబరు. పొట్టుతో ఉన్న పప్పు పళ్లెం తీసుకునేటప్పుడు మిషనుకు కార్డు ఆనించాలి. ఒలిచి అప్పజెప్పేటప్పుడు మళ్లీ ఆనించాలి. నాలుగింటికి గేటు దగ్గర గోడ మీది టీవీలో అందరి పేర్లూ వస్తాయి. అన్నీ అప్పజెప్పిన వాళ్ల పేరు పచ్చగా, తక్కువ వచ్చిన వాళ్ల పేరు ఎర్రగా. మొన్న సోమవారం నా పేరు ఎర్రగా వచ్చింది. ఒక పళ్లెం తక్కువట.

నలభై ఒక్క ఏళ్లు ఆ బెంచీ మీద ఒలిచాను. గుండు పలుకు ఒక్కటి నోట్లో వేసుకున్న దాన్ని కాదు. మేస్త్రీ యుగంధర్‌కి ఆ సంగతి తెలుసు. వాడి తల్లి నా పక్కన కూర్చుని పప్పు ఒలిచి వాడిని పెంచింది. అరవై మంది ఆడవాళ్లు చూస్తుండగా వాడు నన్ను గేటు దగ్గర ఆపాడు.

"ఏటే ముసిలీ, పళ్లెం కొంగులో కట్టీసినావా?"

"పళ్లెం కొంగులో పడతాదేట్రా?"

"పప్పు పడతాది. దులుపు."

దులిపాను. అన్నం గిన్నె బోర్లించి చూపించాను. రొంటిన ఉన్న ఆకూవక్కా తీసి నేల మీద పెట్టాను. జుట్టు విప్పమన్నాడు. విప్పాను. ఏమీ రాలేదు. అప్పుడేమన్నాడో తెలుసా. "ఎక్కడ దాసినావో కంప్యూటర్‌కి తెల్దు గానీ, దాసినావని తెలుసు. అది అబద్ధం ఆడదు." కొందరు నవ్వారు. వాడి పెళ్లాం జానకి అందరికన్నా ముందు నవ్వింది. నవ్వినవాళ్ల పేర్లు తోమా బావ చేత వేరే కాగితం మీద రాయించి పెట్టాను.

మూడుసార్లు ఎర్రగా వస్తే బెంచీ మీద చోటు పోతుంది. ఒకసారి అయింది. దొంగ అన్న పేరు మోసుకుని మాత్రం నేను ఆ గేటు దాటి పోను. ఆ కంప్యూటర్‌లో అబద్ధం రాసినవాడు ఎవడో నాకు కావాలి. విశాఖలో నువ్వు చేసేది ఆ కంప్యూటర్ పనే కదా. వెతుకు.

అమ్మమ్మ.

(వందనాలకు చోటు మిగల్లేదు. — తోమా)


విశాఖపట్నం,
జూలై 13.

అమ్మమ్మకు, తోమా తాతకు,

ఉత్తరం చదివాక ఆ రోజు అన్నం తినలేదు. ఆ మిషనుకు ప్రోగ్రాం చేసిన ఆఫీసు విశాఖలోనే ఉంది. అక్కడివాళ్లు నాకు తెలుసు. లోపలికి చూసే వీలు దొరుకుతుంది.

తోమా తాతా, ఇది అమ్మమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు. ప్రోగ్రాం అంటే ఒక్క మనిషి కాదు. అది కూడా పొడవాటి బెంచీలాంటిదే. దాని మీద బోలెడుమంది చిన్న పనివాళ్లు ఉంటారు. మీరు పళ్లెం తీసుకోగానే ఆ పళ్లెం కోసం ఒక పనివాడు పుడతాడు. అది తిరిగి వచ్చేదాకా కూర్చుని ఎదురుచూడటమే వాడి పని. ఈ పనివాళ్లు మాట్లాడుకోరు, చీటీలు పంపుకుంటారు. 'నీ పళ్లెం వచ్చింది' అన్న చీటీ గుమ్మంలో పడితే, వాడు చదువుకుని లేచి వెళ్లిపోతాడు. నాలుగింటికి ఇంకా ఎవడైనా కూర్చునే ఉంటే, ఆ పళ్లెం తీసుకున్న మనిషి పేరు ఎర్రగా వస్తుంది.

చిక్కు ఏమిటంటే, టీవీ మీద ఎరుపూ పచ్చా తప్ప లోపల ఎవడు కూర్చున్నాడో, ఎందుకు కూర్చున్నాడో చూసే దారి ఇంతవరకు ఎవరూ పెట్టలేదు. ఆ దారి నేను చేస్తున్నాను. చిన్న కిటికీ అనుకో. పని ఆపకుండానే, నడుస్తున్న ప్రతి పనివాడూ ఒక్కో వరుసలో కనిపించాలి: ఏ పళ్లెం, ఎవరి కార్డు, ఎప్పటినుంచి, దేనికోసం, గుమ్మంలో చదవని చీటీలు ఎన్ని.

మొదటిసారి చేసింది పనికిరాలేదు. ఒక్కొక్క పనివాడినీ 'నువ్వేం చేస్తున్నావు' అని అడిగేలా రాశాను. ఎదురుచూస్తూ కూర్చున్నవాడు నాకు జవాబు చెప్పడు కదా, వాడితోపాటు నా కిటికీ కూడా బిగుసుకుపోయింది. ఇప్పుడు వాళ్లను కాకుండా, వాళ్లందరినీ పుట్టించి నడిపే వ్యవస్థనే అడిగేలా మార్చాను. దానికి ప్రతివాడి సంగతీ తెలుసు. ఇంకో వారంలో సిద్ధమవుతుంది.

ఒక్క మాట అడుగుతాను. ఆ సోమవారం పళ్లేల దగ్గర రోజూలా కాకుండా ఏమైనా జరిగిందా?

గ్లోరీ.


కాశీబుగ్గ,
జూలై 17.

గ్లోరీకి,

ఏమీ జరగలేదు. రోజూలాగే కూర్చున్నాను, రోజూలాగే ఒలిచాను. ఆ ప్రశ్న ఇంకోసారి అడగకు.

నీ పనివాళ్ల సంగతి తోమా బావ రెండుసార్లు చదివాడు. "ఉప్పు కొటారులో కూడా ఇలాంటోడు ఒకడుండీవోడు, సీటీ వచ్చినదాకా కదిలీవోడు కాడు" అన్నాడు. అర్థమైంది. అయితే వాడిని అక్కడ కూర్చోబెట్టినవాడు ఎవడో ఉంటాడు కదా. నాకు వాడు కావాలి.

ఆదివారం పాస్టరుగారు క్షమించడం గురించి ప్రసంగం చేశారు. నా వైపే చూస్తూ చేశారు. బయటికొచ్చాక, "క్షమిత్తానయ్యగారూ, ముందు వాడిని తప్పు ఒప్పుకోనివ్వండి, ఒప్పుకోనోడిని ఎలగ క్షమిత్తారు" అని అడిగాను. ఆయనకు ఎవరో కనబడినట్టుంది, అటు వెళ్లిపోయారు.

యుగంధర్ ఇప్పుడు నన్ను ముసిలీ అని కూడా అనడం లేదు. "పద్నాలుగూ" అంటున్నాడు. కొత్తగా వచ్చిన పిల్లలకు నన్ను చూపించి, "ఆవిడ పక్కన కూకుంటే మీ పళ్లెం మీరు సూసుకోండి" అంటున్నాడు. రాత్రి పడుకున్నా వాడి గొంతే వినబడుతోంది. నాకు కావలసింది ఏమిటో రాసి పెట్టుకో. నేను నిలబడ్డ చోటే వాడు నిలబడాలి. అదే గేటు, అదే నాలుగు గంటల వేళ, అదే అరవై మంది. వాడికి అతి దగ్గరివాళ్ల మీద అదే మాట పడాలి.

(ఇది దావా కాగితంలాగా ఉంది గాని ఉత్తరంలాగా లేదని చెప్పాను. దావానే అంటోంది. — తోమా)

అమ్మమ్మ.


విశాఖపట్నం,
జూలై 23.

అమ్మమ్మకు,

కిటికీ తయారైంది. నిన్న, మంగళవారం పొద్దున్న నుంచి ఇక్కడ కూర్చుని మీ ఫ్యాక్టరీ పళ్లేలన్నీ చూశాను.

పది నలభైకి నీ కార్డు మీద ముప్పై ఏడో నంబరు పళ్లెం బయటికి పోయింది. దాని పనివాడు పుట్టి కూర్చున్నాడు. నీ మిగతా పళ్లేలు వరుసగా వచ్చాయి, వాటి పనివాళ్లు లేచి వెళ్లిపోయారు. ముప్పై ఏడోవాడు మాత్రం కదల్లేదు. రెండున్నరకు చూస్తే వాడి గుమ్మంలో చదవని చీటీ ఒకటి పడి ఉంది. తెరిచి చూశాను. 'ముప్పై ఏడో పళ్లెం వచ్చింది, తెచ్చింది ఇరవై రెండో కార్డు' అని ఉంది.

పళ్లెం వచ్చింది అమ్మమ్మా. నిండుగా, తూకం సరిగ్గా వచ్చింది. కానీ ఆ పనివాడికి చెప్పిన మాట వేరు. పళ్లెం తీసుకున్న కార్డుతోనే తిరిగి రావాలని. పద్నాలుగుతో వచ్చిన చీటీ అయితేనే చదువుతాడు. ఇరవై రెండుతో వచ్చింది కాబట్టి ముట్టుకోలేదు. నాలుగు దాకా అలాగే కూర్చున్నాడు. నాలుగింటికి నీ పేరు ఎర్రగా మారడం నా కళ్లతో చూశాను.

అంటే నువ్వు దొంగవు కాదని రాతపూర్వకంగా చూపించవచ్చు. దానికి ఒక్కటే తెలియాలి. ఇరవై రెండో నంబరు ఎవరు? నీ పళ్లెం ఆవిడ ఎందుకు అప్పజెప్పింది?

నిన్న గేటు దగ్గర ఏం జరిగిందో కూడా రాయి.

గ్లోరీ.


కాశీబుగ్గ,
జూలై 27.

గ్లోరీకి,

గేటు దగ్గర ఏం జరిగిందో రాయాలా. అంతకుముందు జరిగిందే జరిగింది. ఈసారి చెప్పులు కూడా విప్పించాడు. రెండుసార్లు అయ్యాయి.

నువ్వేమో నాలుగింటికి నా పేరు ఎర్రబడడం చూశానని రాశావు. రెండున్నరకే చీటీ చూశానని కూడా రాశావు. మధ్యలో గంటన్నర ఉంది. ఆ గంటన్నర నువ్వు ఏం చేశావు? తోమా బావ ఆ మాట మెల్లగా దాటేద్దామని చూశాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదవమన్నాను.

ఇరవై రెండు ఎవరో నీకు చెప్పను. ఆ నంబరు నువ్వు ఓనరు దగ్గర ఎత్తితే నీకూ నాకూ చెల్లు. నీకు ఒక్కదానికే తెలియాలి కాబట్టి ఇంతవరకు రాయిస్తున్నాను. ఆవిడ బాలింతరాలు. మందస నుంచి మొదటి బస్సుకు వస్తుంది. బిడ్డకు పాలివ్వడానికి మూడింటి బస్సుకు పోవాలి. రోజుకు ఆరు పళ్లేలు ఒలవకపోతే బెంచీ మీద చోటు ఉండదు. ఈ నెలలో రెండు రోజులు ఐదే ఒలవగలిగింది. ఆ రెండు రోజులూ ఆరోది నాది ఇచ్చాను, వెళ్లేముందు తన కార్డు మీద అప్పజెప్పింది. నాకు నీ తల్లి పుట్టినప్పుడు నా పక్కవాళ్లు నాకు ఇచ్చారు. పళ్లెం బదులు అంటాం. చేతి తూకం ఉన్నన్నాళ్లు మేస్త్రీలు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు. ఇప్పుడు బదులిస్తే ఇద్దర్నీ తీసేస్తారు.

మొదటిసారి దొంగ అనిపించుకున్నాక కూడా ఎందుకిచ్చావని అడుగుతావేమో. ఆ పిల్ల వద్దంది. "అమ్మా, మల్ల నిన్ను దులుపుతారు" అని ఏడ్చింది. "దులిపితే దుమ్మే కదే రాలతాది, నీ పాలు ఇంకిపోతే మల్ల రావు" అన్నాను.

ఇప్పుడు నేనడిగినదానికి జవాబు చెప్పు. వేరే కార్డుతో వస్తే ముట్టుకోవద్దని ఆ పనివాడికి చెప్పింది ఎవరు? పేరు రాయి. తప్పించుకోకు.

అమ్మమ్మ.


విశాఖపట్నం,
జూలై 31.

అమ్మమ్మకు,

నేనే.

ఆ ఆఫీసు నేను పనిచేసే ఆఫీసే. మీ ఫ్యాక్టరీ ప్రోగ్రాం నేను రాశాను. మన కాశీబుగ్గ ఫ్యాక్టరీ అనగానే అడిగి మరీ తీసుకున్నాను. మా అమ్మమ్మ పని నాకు తెలుసు, నేనే బాగా రాస్తానని చెప్పాను. చిన్నప్పుడు సెలవులకు వచ్చి నీ బెంచీ కింద కూర్చునేదాన్ని. 'ఎవరి పళ్లెం వాళ్లే అప్పజెప్పాలి, అదే మన మర్యాద' అని నువ్వే చెప్పావు. ఆ మాటే ఒక వరుసగా రాశాను. ఒక్క వరుస. దాని గురించి ఎవరినీ అడగలేదు, అడగాలని కూడా తోచలేదు.

మొదటి ఉత్తరం అందినప్పుడే అనుమానం వచ్చింది. 'అక్కడివాళ్లు నాకు తెలుసు' అని రాసి తప్పుకున్నాను.

ఆ గంటన్నర సంగతి కూడా చెబుతాను. రెండున్నరకే ఆ పనివాడిని నా చేత్తో లేపి పంపించేయవచ్చు. ఒక్క మాట చాలు, నీ పేరు పచ్చగా వచ్చేది. లేపితే తప్పు ఎక్కడుందో రుజువు పోతుందేమో అనుకున్నాను. చివరిదాకా చూసి తేల్చుకుందామని కూర్చున్నాను. నాలుగింటికి నువ్వు గేటు దగ్గర ఉన్నావని తెలిసి కూడా కూర్చున్నాను.

నువ్వు సరేనంటే ఓనరుకు అంతా చెప్పేస్తాను. కానీ ఆ చీటీ చూపిస్తే ఇరవై రెండు కూడా కనిపిస్తుంది. దాచే దారి నాకు తోచడం లేదు. నువ్వేం చెబితే అది చేస్తాను.

గ్లోరీ.


కాశీబుగ్గ,
ఆగస్టు 4.

గ్లోరీకి,

ఉత్తరం అందింది. తోమా బావ మొదటి మాట చదివి ఆగిపోయాడు. నేను ఆగలేదు, తక్కినదంతా చదివించాను.

ఎవరి పళ్లెం వాళ్లే అప్పజెప్పాలని నీకు చెప్పిన మాట నిజమే. ఏడేళ్ల పిల్లవి, పక్కవాళ్ల పళ్లెంలో చెయ్యి పెడుతుంటే చెప్పాను. ఓనరుకు చెప్పమని నీకు చెప్పలేదు.

కోపం సంగతి ఇప్పుడు రాయను. ముందు పని ఉంది. అప్పుడే ఓనరుకు ఏమీ చెప్పకు. ఆ వరుస దిద్దకు. ఉన్నది ఉన్నట్టు ఉండనీ. పద్నాలుగో తేదీ గురువారం నాలుగింటికి నీ కిటికీ ఓనరు గదిలో ఉన్న కంప్యూటర్‌లో తెరుచుకోవాలి. ఆ సమయానికి నువ్వు ఆయనకు ఫోను చేసి, దాన్ని ఎలా చదవాలో చెప్పాలి. ఎవరు రాశారో నీ నోటితో చెప్పాలి. ఆలోపు కిటికీలో ఏది చూసినా చెయ్యి పెట్టకు. చూస్తూ కూర్చోవడం నీకు చేతనవును కదా.

అమ్మమ్మ.

(ఇంత తక్కువ మాటల్లో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నాకే భయంగా ఉంది. — తోమా)


విశాఖపట్నం,
ఆగస్టు 14.

అమ్మమ్మకు,

సాయంత్రం ఐదున్నర అయింది. నాకు కనిపించింది రాస్తాను, మిగతాది నువ్వు రాయి.

మధ్యాహ్నం దాకా పనివాళ్లు మామూలుగా వస్తూ పోతూ ఉన్నారు. ఒంటిగంట దాటాక లేవడం మానేశారు. ఐదుగురు, పదిహేనుమంది, ముప్పైమంది. మూడున్నరకు అరవై వరుసలు నిండాయి. ప్రతివాడూ ఎదురుచూస్తున్నాడు, ప్రతివాడి గుమ్మంలోనూ చదవని చీటీ ఒకటి. పద్నాలుగో కార్డు పళ్లెం ముప్పైతో, ముప్పైది తొమ్మిదితో, తొమ్మిదిది నలభై నాలుగుతో వచ్చాయి. ఇరవై రెండు కూడా ఉంది. ఎక్కడో మధ్యలో ఉంది. వెతికితే గాని నాకే కనబడలేదు.

నాలుగింటికి ఓనరుకు ఫోను చేశాను. కిటికీ ఆయన ముందు తెరిచే ఉంది. ఒక్కొక్క చీటీ ఆయన చేతే పైకి చదివించాను. "పళ్లేలన్నీ లోపలే ఉన్నాయి, వెళ్లి చూసుకోండి. తప్పు ప్రోగ్రాంది. రాసింది నేను. జీవరత్నమ్మ మనవరాలిని" అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

మా ఆఫీసులో కూడా చెప్పేశాను. ఆ పని నా నుంచి తీసేశారు. దిద్దేవాళ్లు వేరే వస్తారట.

గ్లోరీ.


కాశీబుగ్గ,
ఆగస్టు 19.

గ్లోరీకి,

ఇప్పుడు నా వంతు.

ఆ గురువారం కోసం బెంచీ బెంచీకి నేనే తిరిగాను. నవ్వినవాళ్ల దగ్గరికే ముందు వెళ్లాను. "నవ్వినావు కదే, దాని కరీదు ఒక పళ్లెం" అన్నాను. ఎవరూ కాదనలేదు. వాళ్లలో బదులు తీసుకోకుండా బిడ్డల్ని పెంచింది ఎవరు? జానకి పళ్లెం నేనే తీసుకుని నా కార్డు మీద అప్పజెప్పాను.

"మావకి తెలిత్తే సంపెత్తాడమ్మా" అంది.

"తెలవాలనే కదే ఇమ్మన్నది."

నాలుగింటికి గోడ మీద టీవీ అంతా ఎరుపు. యుగంధర్ కిందికీ మీదికీ చూశాడు. "మిసను పాడైపోనాది. ఎల్లండి, ఎల్లండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. నేను ముందుకు వెళ్లి, "అది అబద్ధం ఆడదన్నావు కదరా. దులుపు. ముందు జానకిని దులుపు" అన్నాను.

జానకి వచ్చి వాడి ఎదురుగా నిలబడింది. కొంగు చేతిలో పట్టుకుంది.

"ఇంటికెల్లు" అన్నాడు వాడు.

"ఎర్రగా రాసున్నాది కదా మావా. జుట్టు ఇప్పమంతావా, ముందు సెప్పులా?"

వాడు తల వంచుకున్నాడు. ఆ తల అలా వంగి ఉండడం నేను తనివితీరా చూశాను గ్లోరీ. నా వయసుకి అబద్ధం ఎందుకు. దిగులు పడాల్సిన చోట కడుపు నిండినట్టుంది.

అంతలో ఓనరు వచ్చాడు. పళ్లేలు లెక్కపెట్టించాడు. ఒక్క పలుకు తక్కువ కాలేదు. "ఈ మార్పిడి ముందు ఎవరు మొదలెట్టారు?" అని అడిగాడు. అరవై నంబర్లు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని ఉంటే ఆయనకు కొస ఎక్కడ దొరుకుతుంది? రోజా పేరు ఎవరి నోటా రాలేదు. ఇదిగో, ఇప్పుడు నీకు పేరు కూడా చెప్పాను. నా పేరు మీద ఉన్న రెండు ఎరుపులూ ఓనరు అందరి ముందూ కొట్టేయించాడు. పళ్లెం ఎవరు తెచ్చినా తీసుకునేలా మిషను దిద్దుతారట. సోదాలు ఆపేశారు.

ఆదివారం యుగంధర్ మా ఇంటికి వచ్చాడు. పాస్టరుగారిని, జానకిని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని "తప్పయిపోనాదమ్మా" అన్నాడు. "ఇంట్లో అనలేదు కదరా నన్ను. గేటు కాడ అన్నావు. అక్కడే సెప్పు" అన్నాను. పాస్టరుగారు ఏదో వాక్యం ఎత్తబోయారు. టీ ఇచ్చి పంపించేశాను.

నిన్న సోమవారం నాలుగింటికి వాడు గేటు దగ్గర చెప్పాడు. గొంతు లేవలేదు. వెనక ఉన్నవాళ్లకు వినబడలేదన్నాను. మళ్లీ చెప్పాడు. ఈసారి రోడ్డు మీద ఆటోవాడు కూడా తిరిగి చూశాడు. క్షమించానని నేను అనలేదు. పాస్టరుగారు అడిగితే, ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పాను.

ఇక నువ్వు. తప్పు చెప్పుకున్నావు, ఆ ప్రోగ్రాం పని పోగొట్టుకున్నావు, బాగానే ఉంది. కానీ నువ్వు చెప్పింది ఓనరుకి, ఫోనులో. నన్ను రెండోసారి దులుపుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నది నా మనవరాలని ఆ అరవై మందికి తెలియదు. తెలియాలి. ఆదివారం రైలెక్కు. సోమవారం ఎనిమిదింటికి నాతో గేటు లోపలికి రా. ఓనరును అడిగి నా పక్కన నీకు చోటు చెప్పి పెట్టాను. అందరికీ నీ నోటితో చెప్పి, తర్వాత కూర్చుని ఒలువు. ఆరు పళ్లేలు. రోజా దగ్గర గాని, నా దగ్గర గాని బదులు అడగకు, ఇవ్వం. ఆరూ అయ్యాక నీతో మాట్లాడతాను, అప్పటిదాకా మాట్లాడను.

కత్తి తెచ్చుకోనక్కర్లేదు, నాది పాతది ఉంది. గోళ్లు మాత్రం కత్తిరించుకోకుండా రా. గోళ్లు లేకపోతే పొట్టు రాదు.

అమ్మమ్మ.